ఎవరి పూర్వస్థితి?

1996 ఎండాకాలంలో కోనసీమలో ఒక రేకుల షెడ్డు కింద నేను ఒక కాగితం మీద సాక్షి సంతకం పెట్టాను. గ్యాసు కోసం తవ్విన బావి తాలూకు స్థలాన్ని శుభ్రం చేసి, భూమిని పూర్వస్థితికి తెచ్చి, రైతుకి అప్పగించామని ఆ కాగితంలో ఉంది. అది అబద్ధమని నాకు తెలుసు. ఆ అబద్ధాన్ని మట్టితో కప్పిన చేతుల్లో నా చేతులు కూడా ఉన్నాయి కాబట్టి ఇంకెవరికన్నా నాకే బాగా తెలుసు. సంతకానికి యాభై రూపాయలిచ్చారు. అది నా ఒకరోజు కూలి కన్నా ఎక్కువ.

చమురు కోసం, గ్యాసు కోసం తవ్వి పాడుచేసిన నేల మళ్లీ బాగవుతుందా అని అడిగితే శాస్త్రం తెలిసినవాళ్లు ఒక జవాబు చెప్తారు. తత్వం చదివినవాళ్లు ఇంకో జవాబు చెప్తారు. ఆ నేల మీద తట్ట మోసినవాణ్ని ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్తున్నాను. చెప్పాలంటే ముందు మా అయ్య భూమి సంగతి చెప్పాలి.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఆమదాలవలసలో రైలు ఎక్కేవాళ్లకి స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని కనిపిస్తుంది. పట్టాలు మాకూ పేరు పక్క ఊరికీ. నాగావళి నీళ్లు పారే పల్లం భూములన్నీ ఊళ్లోవాళ్లవి. మా మాలపేట ఊరికి దూరంగా, వాన పడితే నీళ్లన్నీ వచ్చి చేరేచోట ఉండేది. మా అయ్య ఒక పెద్దరైతు ఇంట కంబారి. ఏడాదికి ఇన్ని కుంచాల ధాన్యం, ఒక పంచె, ఒక దుప్పటి. తెల్లారకముందే ఎల్లిపోయేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. చిన్నప్పుడు మా అయ్య మొహం నేను పగటిపూట చూసింది తక్కువ.

ఎమర్జెన్సీ రోజుల్లో, ఇరవై సూత్రాల పథకం కింద పేదలకి భూములిస్తున్నారని మా పేటలో కొందరికి డి-పట్టాలు ఇచ్చారు. మా అయ్యకి ఎకరా ఇరవై సెంట్లు వచ్చింది. వచ్చింది అనడమే గాని దాన్ని భూమి అనడానికి లేదు. గరువు. ఎర్ర కంకర, బలుసు పొదలు, తేళ్లు. ఊళ్లోవాళ్లు నవ్వారు. "మాలోళ్లకి రాళ్లిచ్చినారు, నమిలి తింటార్లే" అన్నారు.

మా అమ్మ, మా అప్ప, నేను ఆరేళ్లు రాళ్లు ఏరాం. ఏరిన రాళ్లు గట్టుగా పేర్చాం. పెద్దరైతు పశువుల శాల ఊడ్చినందుకు మా అమ్మకి కూలి ఇచ్చేవాళ్లు కాదు, పొద్దుకో తట్ట గెత్తం తీసుకెళ్లనిచ్చేవాళ్లు. ఆ తట్టలు నెత్తిన పెట్టుకుని అరమైలు నడిచేది. ఎండాకాలం చెరువు ఎండితే అడుగున పేరుకున్న ఒండ్రు మోశాం. కానుగ మండలు కొట్టి వేశాం. మొదటి ఏడు ఉలవలు జల్లితే జల్లిన గింజలు కూడా తిరిగి రాలేదు. తర్వాత చోళ్లు వేశాం. ఆ తర్వాత గోగు వేశాం. ఏడో ఏట వేరుశనగ పండింది. మా అయ్య ఆ రోజు ఒక పిడికెడు మట్టి తీసి నా చేతిలో పెట్టి, "నల్లబడింది సూడరా" అన్నాడు. మా అయ్య సంతోషంగా ఉండగా నేను చూసిన రెండు మూడు సందర్భాల్లో అదొకటి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, భూమిని దేవుడిచ్చాడని, తల్లి అని, ప్రకృతి అని రాసేవాళ్లని చదివినప్పుడల్లా నాకు ఆ తట్టలు గుర్తొస్తాయి. మా భూమిని ఎవరూ మాకు మంచి భూమిగా ఇవ్వలేదు. దాని పూర్వస్థితి రాళ్లు. అది భూమి అయింది మా అమ్మ నెత్తి మీద.

1989లో రోడ్డు కంట్రాక్టరు ఒకడు మా గరువు దగ్గర కంకర చూశాడు. పక్కన జిరాయితీ భూమి ఉన్న రైతుకి లారీకి ఇంత అని ముట్టజెప్పాడు. మా అయ్య అడిగితే, "నీది అసైన్డు భూమి, గవర్నమెంటుది, నీకెందుకిస్తాం" అన్నారు. 1977 చట్టం ప్రకారం అప్పట్లో ఆ భూమిని మేం అమ్ముకోకూడదు. పేదవాడి భూమి పెద్దవాడి చేతుల్లోకి పోకుండా కాపాడ్డానికి పెట్టిన చట్టం అది. దానినే చూపించి మట్టి తవ్వుకుపోయారు. మూడు నెలల్లో రెండు నిలువుల లోతు గుంట పడింది. మేం ఆరేళ్లు మోసిన నల్లమట్టిని మిషను ఒక్క పూటలో పక్కకి తోసేసింది. అది కంకరతో కలిసి ఏ రోడ్డు కిందకి పోయిందో తెలీదు. పని అయ్యాక చదును చేసి పూర్వంలాగే అప్పగిస్తామని చెప్పారు. ఎవరూ రాలేదు. మా అయ్య ఆ తర్వాత మూడేళ్లు బతికాడు గాని ఆ వైపు నడవలేదు.

1996లో నేను ఇంటరు పాసై పని లేకుండా ఉన్నాను. మేస్త్రీ ఒకడు మా పేటలో పద్నాలుగు మందిని కుదుర్చుకున్నాడు. శ్రీకాకుళం రోడ్‌లో పాసింజరు ఎక్కి రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో కోనసీమకి వెళ్లాం. అంతకుముందు ఏడాది, 1995 జనవరి 8న, పాసర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి మంటలు లేచాయి. 65 రోజులు ఆరలేదు. మార్చి నడిమికి గాని అదుపులోకి రాలేదు. చుట్టుపక్కల జనాన్ని ఊళ్ల నుంచి తరలించారు. బస్సులో మా పక్కన కూర్చున్న ముసలాయన ఆ సంగతి చెప్తూ, "ఆ రెండు నెలలూ మాకు రాత్రి లేదండి, ఆయ్" అన్నాడు.

మేం వెళ్లింది వేరే బావికి. తవ్వకం అయిపోయి రిగ్గు తీసుకుపోయారు. రైతు దగ్గర కౌలుకి తీసుకున్న వరిచేను అది. దాని మీద గ్రావెలు పోసి, సిమెంటు దిమ్మ కట్టి, ఒక మూల పెద్ద గొయ్యి తవ్వి నల్ల ప్లాస్టిక్ పరిచి, బావిలోంచి వచ్చిన బురదంతా అందులో వదిలారు. బూడిదరంగు బురద. పైన నూనె తెట్టు. ఎండ ఎక్కితే కిరసనాయిలు వాసనతో తల తిరిగేది. దిమ్మ పగలగొట్టడం, గ్రావెలు ఎత్తడం, గొయ్యి ఖాళీ చేయడం మా పని. బూట్లు ఇవ్వలేదు. కాళ్లకి గోనెపట్టాలు చుట్టుకుని దిగాం.

రెండు రోజులు ట్యాంకర్లు వచ్చి బురద తోడుకెళ్లాయి. మూడో రోజు నుంచి రాలేదు. సగం గొయ్యి అలాగే ఉంది. మేస్త్రీ వచ్చి, ప్లాస్టిక్ చింపి లోపలికి తోసేసి మట్టి కప్పేయమన్నాడు. పైన రెండడుగులు మంచి మట్టి ఉంటే చాలన్నాడు. ఆ మంచి మట్టి ఎక్కడిది? డ్రెయిను ఒడ్డున మాలపల్లెవాళ్లు ఆనపకాయలు, బెండకాయలు పెట్టుకునే పోరంబోకు స్థలం ఉంది. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. తవ్వుతుంటే ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. "బాబూ, ఇది మా పేటదండి. మీదే ఊరండీ?" అన్నాడు. మాలో ఒకడు చెప్పాడు. "మీరు ఎవుళ్లండీ?" అని అడిగాడు. అదీ చెప్పాం. ఆయన ఇంకేం మాట్లాడలేదు. మేం పార ఆపలేదు. మాలలం మేం, మాలల మట్టి తవ్వి, కంపెనీ గొయ్యి పూడ్చి, రైతు చేను చదును చేశాం.

పద్నాలుగు మందిలో సంతకం చేయగలవాణ్ని నేనొక్కణ్ని. చదువుకుంటే బాగుపడతావని మా అమ్మ నన్ను చదివించింది. ఆ చదువు మొదటిసారి అక్కరకొచ్చింది దానికి.

ఇంటికి వచ్చాక కాలివేళ్ల సందున పుళ్లు నెల్లాళ్లు మానలేదు. మా అమ్మ వేపాకు నూరి కడుతూ ఎక్కడివిరా అంటే జరిగింది చెప్పాను. అంతా విని, "ఒక గుంట పూడాలంటే ఇంకోకాడ గుంట పడాల కదరా బాబూ. మన గరువులో మట్టి ఏ గుంట పూడ్సిందో ఏటో" అంది. సంతకం గురించి ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టమనిపించింది.

తర్వాత నేను టీచరునయ్యాను. ఆ గొయ్యిలో ఉన్నదేమిటో తెలుసుకోవాలనిపించి దొరికిందల్లా చదివాను. బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి బరువైన బురద పంపుతారు. అందులో బెంటొనైట్ అనే బంకమన్ను, బెరైటీస్ అనే ఖనిజం కలుపుతారు. ఆ బెరైటీస్‌కి రాయలసీమలోని మంగంపేట గనులు ప్రపంచంలోనే పేరుమోసినవి. అంటే కోనసీమలో ఒక బావి తవ్వాలంటే ముందు రాయలసీమలో ఒక కొండ తవ్వాలి. మా అమ్మ చెప్పింది నిజమే.

పాడైన నేలలో అన్ని రకాల చెడూ ఒకటి కాదు. నూనె కొంతవరకు పోతుంది. మట్టిలో నూనెని తినే సూక్ష్మజీవులుంటాయి. గాలి, తేమ, కొంచెం ఎరువు అందిస్తే అవి పనిచేస్తాయి. మన దేశంలో టెరి సంస్థ అలాంటి జీవుల్ని కలిపి ఆయిల్‌జాపర్ పేరుతో తయారు చేసింది, వాడుతున్నారు కూడా. గాలి తగలకుండా లోతున పూడ్చేస్తే మాత్రం ఆ జీవులు సరిగా పనిచేయలేవు. మేం చేసింది అదే. ఉప్పు సంగతి వేరు. నేల లోపలి నుంచి గ్యాసుతో, నూనెతో పాటు వచ్చే నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఉప్పుని ఏ జీవీ తినదు. అందులోని సోడియం బంకమట్టి కణాల్ని విడగొట్టేస్తుంది, నేల బిగుసుకుపోయి నీళ్లు ఇంకవు. జిప్సం వేసి, మంచినీళ్లు పెట్టి, ఆ నీళ్లు బయటకి పోయే దారి చేసి ఏళ్ల తరబడి కడగాలి. సీసం లాంటి భారలోహాలున్నాయంటే అవి కుళ్లవు, చావవు. తీసి ఇంకోచోట పెట్టాలి. ఆ ఇంకోచోటు ఎవరి పేట పక్కనో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి శాస్త్రం జవాబు ఇది. కొంత బాగవుతుంది, కొంత చాలా ఖర్చుతో బాగవుతుంది, కొంత కాదు. పై మట్టి అంగుళం తయారవడానికే ప్రకృతికి వందల ఏళ్లు పడుతుంది. ఇందులో నాకు పేచీ లేదు.

తత్వవేత్తల జవాబు చదివినప్పుడు మాత్రం పేచీ వచ్చింది. ఆస్ట్రేలియా తత్వవేత్త రాబర్ట్ ఇలియట్ 1982లో 'ఫేకింగ్ నేచర్' అని ఒక వ్యాసం రాశాడు. గనులు తవ్వి పాడుచేసిన చోటుని తర్వాత ఎంత బాగా మునుపటిలా చేసినా అది గొప్ప చిత్రానికి నకలు లాంటిదే అంటాడు. చూడ్డానికి ఒక్కలాగే ఉంటుంది, విలువ ఒకటి కాదు, ఎందుకంటే అది పుట్టిన తీరు వేరు. తవ్వేస్తాం, తర్వాత మళ్లీ మునుపటిలా చేసేస్తాం అనే కంపెనీల నోరు మూయడానికి ఇది మంచి వాదం. అందుకు ఆయన్ని గౌరవిస్తాను. కానీ మనిషి చెయ్యి పడని నేలకే అసలు విలువ అంటే మా ఎకరా ఇరవై సెంట్ల మాటేమిటి? అక్కడ అసలుది రాళ్లు. నకలు మా అమ్మ మోసిన గెత్తం. నాకు ఆ నకలే విలువైనది. ఈ దేశంలో మాగాణి అంటే చాలావరకు ఎవరో ఒకరు వెట్టి చేసి తయారుచేసినదే. పుట్టుక చూసి విలువ కట్టడం ఈ దేశంలో మాకు కొత్త కాదు. మనుషుల్ని అలా తూచారు. నేలని కూడా అలాగే తూచమంటే నేను ఒప్పుకోలేను.

పూర్వస్థితి అన్న మాట విన్నప్పుడల్లా నాకు మహద్ చెరువు గుర్తొస్తుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వెంట నడిచి వేలమంది అంటరానివాళ్లు చవదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు ఏం చేశారు? 108 కుండల్లో పెరుగు, పాలు, పేడ, గోమూత్రం కలిపి చెరువులో పోయించి, మంత్రాలు చదివించి, చెరువు మళ్లీ శుద్ధి అయిందని ప్రకటించారు. అది కూడా బాగుచేతే! వాళ్ల లెక్కలో చెరువు పూర్వస్థితికి వచ్చింది. మా లెక్కలో చెరువు మళ్లీ పాడయింది. పశువులు తాగినప్పుడు మైల లేదు, మనుషులు తాగితే మైల వచ్చింది. ఏది చెడిపోవడం, ఏది బాగవడం అని చెప్పే అధికారం ఎవరిదో తేలకుండా, బాగయిందా లేదా అన్న ప్రశ్నకి అర్థం లేదని నాకు అక్కడ తెలిసింది.

ఇలా అంటే ఒక ప్రమాదం ఉంది. ఒక సభలో నేనీ మాట అంటే ఒక విద్యార్థి లేచి, "సార్, పూర్వస్థితే అక్కర్లేదని మీరంటే కంపెనీకి పండగే కదా" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. పూర్వస్థితికి తేలేమని తెలిసినవాడికి పాడుచేసే హక్కు పెరగదు, తగ్గుతుంది. తిరిగి ఇవ్వలేనిదాన్ని తీసుకునేముందు పదిమందిని అడగాలి. ఆ పదిమందిలో పట్టా లేనివాళ్లు కూడా ఉండాలి. పూర్వస్థితి అన్న మాటే కంపెనీకి చవక. ఒక కాగితం, ఒక తేదీ, నాలాంటి ఒక సాక్షి ఉంటే పని అయిపోతుంది.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకునేవాణ్ని. నైజీరియాలో ఓగోనీ ప్రజల నేల గురించి చదివాక అనుకోవడం మానేశాను. అక్కడ షెల్ కంపెనీ దశాబ్దాల పాటు చమురు తీసింది. 1993లో ఓగోనీలు ఎదురుతిరిగి పని ఆపించారు. వాళ్ల నాయకుడు, రచయిత కెన్ సారో వివాని అక్కడి సైనిక ప్రభుత్వం 1995 నవంబరు 10న ఉరితీసింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ అక్కడి మట్టిని, నీళ్లని పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఒకచోట జనం తాగే బావినీళ్లలో బెంజీన్, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకి 900 రెట్లకు పైగా ఉంది. ఆ ప్రాంతం పూర్తిగా బాగుపడ్డానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టొచ్చని అంచనా వేశారు. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకో విషయం. బాగుచేయడం పూర్తయిందని కంపెనీ రికార్డుల్లో ఉన్న 15 చోట్లని పరీక్షిస్తే, 10 చోట్ల ఇంకా హద్దుకి మించి కాలుష్యం ఉంది. పూర్తయిందన్న ప్రతి కాగితం కింద ఎవరో ఒకరు సంతకం పెట్టే ఉంటారు. నాలాంటి పేదవాళ్లు కూడా వాళ్లలో ఉండి ఉంటారు.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలింది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే కాలిపోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. పాసర్లపూడి, నగరం ఒకే ప్రాంతం. ఆ వార్త చదివాక నేను ఉండలేక కోనసీమ వెళ్లాను. నగరం చూశాక, 1996లో పనిచేసిన ఊరు కూడా వెతుక్కుంటూ వెళ్లాను. మేం పూడ్చినచోట వరి లేదు. రొయ్యల చెరువు ఉంది. చెరువుగట్టు పక్కన ఒక పెద్దావిడ గడ్డి కోస్తోంది. పెద్దమ్మా, ఇక్కడ చేను ఉండాలి కదా అని అడిగాను.

"ఉండేదండి. కంపెనీ ఓళ్లు అప్పజెప్పాక మూడేళ్లు ఊడ్చామండి. ఆ మూల మాత్రం నాటింది నాటినట్టే ఎర్రబడిపోయేదండి. నీళ్లు దిగేవి కాదు. కాళ్లు చెడిపోయేవి. మా ఆడోళ్లం ఆ మడిలో దిగమంటే దిగమనేవోళ్లం. ఆళ్లకి నష్టపరిహారం వచ్చిందంటండి. ఆనక రొయ్యలకి ఇచ్చేశారు."

"మరి మీకేమిచ్చారు?"

"మాకేముందండి, మాకు పట్టా ఉందా పాడా. ఊడుపులు పోయాయి, కోతలు పోయాయి. మా పెద్దది కువైట్‌లో ఉందండి, ఇళ్లల్లో పనికి. అదీ నూనె దేశమేనంట కదండీ."

రైతు లెక్కలో ఆ భూమి నష్టపోలేదు. చేను పోయి చెరువు వచ్చింది, కౌలు పెరిగింది. కంపెనీ లెక్కలో భూమి 1996లోనే పూర్వస్థితికి వచ్చేసింది. ఆవిడ లెక్క ఎక్కడా రాసి లేదు. ఆ మడి ఎందుకు ఎర్రబడిందో నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. డ్రెయిను ఒడ్డు వైపు చూశాను. మేం తవ్విన గుంటలో గుర్రపుడెక్క పెరిగి ఉంది. బెండకాయలు లేవు.

చట్టాలు కూడా ఆ పద్ధతిలోనే చూస్తాయి. పైపులైన్ల కోసం 1962లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం భూమి రైతు పేరనే ఉంటుంది, కంపెనీకి వాడుకునే హక్కు వస్తుంది, జరిగిన నష్టానికి తోడు భూమి విలువలో పదిశాతం ఇస్తారు. ఆ భూమిలో హక్కు, వాటా ఉందని చూపించుకోగలవాడికే ఆ లెక్కలో చోటు. ఆ చేలో ఏటా నలభై రోజులు ఊడుపు, కోత చేసి బతికే మనిషి ఏం చూపిస్తుంది? నేలకి పట్టిన నూనెనైనా తినే పురుగులున్నాయి గాని, ఈ లెక్కకి పట్టిన కులాన్ని తినే పురుగుని ఎవరూ కనిపెట్టలేదు.

అంత దూరం ఎందుకు, మా జిల్లాలోనే జరిగింది చెప్తాను. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం భూములు తీసుకుంది. అందులో మునగకుండా మిగిలిన భూమిని లక్ష్మీపేటలో మాలలు సాగుచేసుకోవడం మొదలుపెట్టారు. పరిహారం తీసుకుని ప్రభుత్వానికి అప్పగించేసిన ఆ భూమి మీద కూడా పాత ఆసాములు హక్కు వదులుకోలేదు. 2012 జూన్ 12న పట్టపగలు దాడి చేసి అయిదుగురు దళితుల్ని చంపారు. ఇప్పుడు వంగర మండలం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది గాని అప్పుడు మాది ఒకే జిల్లా. ఆ అయిదుగుర్ని చంపినవాళ్లు కోరింది కూడా పూర్వస్థితినే. ప్రాజెక్టుకి ముందు భూమి ఎవరిదో, మళ్లీ వాళ్లదే కావాలి. అయిదు శవాలు చూశాక నాకు ఆ మాట మీద మిగిలిన కాస్త గౌరవం కూడా పోయింది.

2022లో కోనసీమని జిల్లా చేశారు. దానికి అంబేద్కర్ పేరు చేరుస్తామంటే మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. నేల కింద నుంచి మంట లేచినప్పుడు అందరం కలిసి పరిగెత్తిన జనమే. ఆ నేలకి ఒక పేరు పెడదామంటే మళ్లీ ఎవరి వీధి వాళ్లదయిపోయింది. ఇప్పుడు ఆ జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. పేరు మారినందుకు నాకు సంతోషమే. పేరుతో పాటు చేలో దిగేవాళ్ల లెక్క కూడా మారాలి.

అంబేద్కర్ 1947లో రాజ్యాంగసభ ముందు పెట్టడానికి 'రాష్ట్రాలు - మైనారిటీలు' అని ఒక పత్రం తయారుచేశారు. వ్యవసాయ భూమి అంతా రాజ్యానిది కావాలని, కులం చూడకుండా ఊళ్లో అందరికీ కలిపి సాగుకివ్వాలని, భూస్వామీ కౌలుదారూ భూమిలేని కూలీ అనే తేడాలు ఉండకూడదని అందులో ఉంది. ఆయనకి పాత పల్లె మీద మోహం లేదు. పూర్వస్థితి మా తాతలకి ఏమిచ్చిందో ఆయనకి తెలుసు.

కనుక నా జవాబు ఇది. చమురు పాడుచేసిన నేల ఉన్నది ఉన్నట్టు మునుపటిలా కాదు. కాని బాగుచేయొచ్చు, చేయాలి. మా అమ్మ రాళ్ల మీద మట్టి చేసింది. చేయి పడితే నేల మారుతుందని నేను కళ్లారా చూశాను, ఆ ఆశ వదులుకోను. అయితే బాగయిందని చెప్పాల్సింది కంపెనీ కాదు, రైతు ఒక్కడూ కాదు. ఆ మడిలో వట్టికాళ్లతో దిగే ఆడకూలీలు దిగి, కాళ్లు చెడకుండా బయటికొచ్చి, అవును బాగయింది అనాలి. ఆ నేల బాగుచేయడానికి ఇంకో పేట మట్టి తవ్వకూడదు. పాడైన ఏళ్లకి కూలీ కూడా లెక్కలోకి రావాలి. బాగైన నేల మీద, దాన్ని బాగుచేసిన చేతులకి హక్కుండాలి. వీటిలో ఏది లేకపోయినా అది పూడ్చడం అవుతుంది గాని బాగుచేయడం కాదు.

మా గరువులో గుంట ఇంకా ఉంది. వానాకాలం నీళ్లు నిలుస్తాయి, పేట పిల్లలు ఈతలు కొడతారు. ఒకసారి ఒక గుంటడు మునిగిపోబోతే అందరం కలిసి తీశాం. మా అమ్మ పోయేముందు రెండేళ్లు, గుంట గట్టు మీద మిగిలిన పది సెంట్లలో గోగు జల్లేది. ఎందుకమ్మా, ఎంతొస్తుంది అంటే, "రాకపోతే నేదు. నేలని ఊరికే ఒగ్గీకూడదు" అనేది. ఆ పది సెంట్లలో ఇప్పుడు మా అప్ప కొడుకు ఉలవలు వేస్తున్నాడు.

ఈ పుస్తకం చదివే విద్యార్థులకి, ఉద్యమాల్లో పనిచేసేవాళ్లకి ఒక మాట. రేపు మీ ఊళ్లో కూడా ఎవరో ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంటారు. పేటలో చదువుకున్నవాళ్ల దగ్గరికే వస్తారు. గొయ్యిలో ఏముందో చూసి పెట్టండి. నేను చూసి కూడా పెట్టాను. ఆకలి ఉంది, నిజమే. యాభై రూపాయలు అవసరమే. కానీ ఆ సంతకం ఆ ఊరి ఆడవాళ్ల కాళ్ల మీద పడింది, ఒక ముసలాయన బెండమొక్కల మీద పడింది.

1996లో ఆ భూమి పూర్వస్థితికి రాలేదు. సగం బురద లోపలే ఉంది. దాని మీద కప్పిన మట్టి మాలపల్లెది. సాక్షిగా ఇదీ నేను చెప్పవలసింది. అప్పుడు పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.